ఇంటి స్టీరియోకు కొత్త స్పీకర్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా ఇంట్లో పదేళ్ల నాటి స్టీరియో యాంప్లిఫయరు ఉంది. దాని వెనుక ‘40 వాట్లు + 40 వాట్లు, 8 ఓమ్స్’ అని రాసి ఉంది. దానితో పాటు వచ్చిన చిన్న స్పీకర్లలో పాట వింటే గాయకుడు డబ్బాలో కూర్చుని పాడుతున్నట్టుంటుంది. మేము ఎక్కువగా కర్ణాటక సంగీత కచేరీలు, ఘంటసాల, సుశీల పాడిన పాత సినిమా పాటలు వింటాము. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. కింద టైల్స్ ఉన్నాయి, ఒక గోడకు టీవీ షోకేసు ఉంది. 25 వేల రూపాయల వరకు పెట్టగలను. దుకాణదారు మాత్రం ‘ఈ రోజుల్లో రెండు స్పీకర్లు ఎవరు కొంటున్నారండీ, ఆ డబ్బుకు 1000 వాట్ల 5.1 హోమ్ థియేటరే వస్తుంది’ అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: యాంప్లిఫయరు సరిగా పనిచేస్తూ ఉంటే దాని జోలికి వెళ్లకండి. ఉన్న డబ్బంతా రెండు మంచి స్పీకర్ల మీద, వాటిని నిలబెట్టే స్టాండ్ల మీద పెట్టండి. 5.1 హోమ్ థియేటర్ సినిమాలు చూసేవారి కోసం తయారైన సరుకు. అదే ధరలో ఐదు చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (అతి మంద్రమైన ధ్వనులకే ప్రత్యేకించిన పెట్టె), ఆరు చానెళ్ల యాంప్లిఫయరు, రిమోటు అన్నీ ఇవ్వాలంటే తయారీదారు ఒక్కొక్క స్పీకరు మీద ఎంత ఖర్చు పెట్టి ఉంటాడో మీరే లెక్క వేసుకోవచ్చు. పైగా మీరు వినే సంగీతానికి అన్ని దిక్కుల శబ్దంతో పని లేదు. ఘంటసాల 1974లో కన్నుమూశారు. ఆయన పాడిన సినిమా పాటల్లో చాలా భాగం మోనోలో, అంటే కుడి ఎడమల తేడా లేకుండా ఒకే చానెల్‌లో, రికార్డయినవే. రెండు సరిసమానమైన స్పీకర్లకు ఎదురుగా, రెండింటికీ సమాన దూరంలో కూర్చుంటే ఆ గొంతు సరిగ్గా మధ్యలో, మీ ఎదుట నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది. దాన్ని ఐదు మూలలకు పంచితే వచ్చేది సందడి తప్ప పాటకు కలిగే మేలు ఏమీ లేదు.

ఇక ఆ 1000 వాట్ల సంగతి. ఇలాంటి పెట్టెల మీద పెద్ద అక్షరాలతో కనిపించే అంకె సాధారణంగా ‘పీఎంపీవో’, అంటే ఏ ప్రమాణానికీ కట్టుబడకుండా వేసుకున్న గరిష్ఠ అంచనా. నిలకడగా ఎంత శక్తి ఇవ్వగలదో చెప్పేది ‘ఆర్‌ఎంఎస్’ అంకె. అది ఎక్కడా కనిపించకపోతే పెట్టె వెనుక లేబులు మీద ‘పవర్ కన్సంప్షన్’ అన్న చోట చూడండి. గోడ ప్లగ్గు నుంచి 80 వాట్లు తీసుకునే యంత్రం 1000 వాట్లు నిలకడగా బయటికి పంపడం జరిగే పని కాదు. అసలు ఇంట్లో వినడానికి అంత శక్తి అక్కరలేదు కూడా. శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే దాదాపు పది రెట్లు శక్తి కావాలి. మామూలు స్థాయిలో పాట వింటున్నప్పుడు మీ యాంప్లిఫయరు ఒకటి రెండు వాట్లకు మించి పని చేయదు. మృదంగం మీద బలంగా దెబ్బ పడినప్పుడు క్షణకాలం ఇరవై ముప్పై వాట్లు అవసరం కావచ్చు. మీకు ఉన్న 40 వాట్లు దానికి చాలు.

అందుకే స్పీకర్ల కరపత్రంలో మీరు చూడవలసిన మొదటి అంకె వాట్లు కాదు, సెన్సిటివిటీ. ఒక మీటరు దూరంలో, 8 ఓమ్స్ స్పీకరుకు ఒక వాటుతో సమానమైన 2.83 వోల్టుల సంకేతం ఇచ్చినప్పుడు అది ఎన్ని డెసిబెల్స్ శబ్దం ఇస్తుందో ఆ అంకె చెబుతుంది. 84 ఉన్న స్పీకరు అదే శబ్దం కోసం 87 ఉన్న స్పీకరుకు కావలసిన శక్తికి రెట్టింపు అడుగుతుంది. మీ యాంప్లిఫయరుకు 86 నుంచి 89 మధ్య ఉన్నవి చక్కగా సరిపోతాయి. రెండవ అంకె ఇంపీడెన్సు, అంటే కరెంటుకు స్పీకరు చూపే అడ్డు, ఓమ్స్‌లో. యాంప్లిఫయరు వెనుక ఏ హద్దు రాసి ఉందో దానికి తగ్గని స్పీకర్లనే తీసుకోండి; 8 ఓమ్స్ అని రాసిన చోట 4 ఓమ్స్ స్పీకర్లు తగిలిస్తే అవి ఎక్కువ కరెంటు లాగి యాంప్లిఫయరు వేడెక్కుతుంది. స్పీకరు మీద ‘100 వాట్ల వరకు’ అని ఉంటే అది తట్టుకోగల హద్దు మాత్రమే, దాన్ని చూసి యాంప్లిఫయరు మార్చనవసరం లేదు. నిజానికి చిన్న యాంప్లిఫయరును దాని శక్తికి మించి పెంచినప్పుడు వచ్చే వక్రీకరించిన శబ్దానికే ట్వీటర్లు (పై స్థాయి స్వరాలు పలికే చిన్న భాగాలు) ఎక్కువగా కాలిపోతాయి. కాబట్టి గొంతు చీలినట్టు వినిపించిన క్షణమే వాల్యూమ్ తగ్గించాలి.

వూఫరు, అంటే బాస్ (మంద్రమైన ధ్వనులు) పలికే భాగం, ఎంత పెద్దదైతే అంత మంచిదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. మీరు వినే సంగీతాన్ని బట్టి చూద్దాం. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి ఆధార షడ్జమం దాదాపు 131 హెర్ట్జ్. ఆయన మంద్ర పంచమానికి దిగితే 98 హెర్ట్జ్. మృదంగం ఎడమవైపు తొప్పి మీద పలికే గుమ్కీలు ఇంకొంత కిందికి వెళ్తాయి. 60 హెర్ట్జ్ వరకు నిజాయతీగా పలికే స్పీకరుకు ఇదంతా చాలా వరకు అందుతుంది. ఐదు లేదా ఐదుంపావు అంగుళాల వూఫరు, ఒక అంగుళం ట్వీటరు ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఆ పని చేయగలవు. ఆరున్నర అంగుళాలది మరికొంత లోతు ఇస్తుంది, కానీ మీ గదిలో ఆ లోతే చిక్కు తెస్తుంది. 12 అడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం తనంతట తానే ఉబ్బుతుంది. సిమెంటు గోడలు ఆ ధ్వనిని మింగవు, తిప్పికొడతాయి. సబ్‌వూఫరు సరిగ్గా అక్కడే పని చేస్తుంది కాబట్టి ఇలాంటి గదిలో ‘గుమ్మ్’మనే మోత ఒకటే మిగిలి, మృదంగం జతులు కలగాపులగమవుతాయి.

చిన్న పెట్టెలో గొంతు బాగా పలకదేమోనన్న అనుమానం ఉంటే ఒక ఉదాహరణ చెబుతాను. 1970ల్లో బీబీసీ ఇంజనీర్లు బయటి కార్యక్రమాల ప్రసార వ్యానుల్లో కూర్చుని మాటను, గానాన్ని పరీక్షించుకోవడానికి ‘ఎల్‌ఎస్ 3/5ఎ’ అనే మూసిన పెట్టె స్పీకరును రూపొందించారు. దాని ఎత్తు ఒక అడుగే, వూఫరు ఐదు అంగుళాలే. సెన్సిటివిటీ చాలా తక్కువ, లోతైన బాస్ లేదు. అయినా మనిషి గొంతును ఉన్నది ఉన్నట్టు చెప్పడంలో దానికి వచ్చిన పేరు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, ఆ నమూనాను నేటికీ తయారు చేస్తున్నారు. మీ అవసరం దాదాపు అదే కాబట్టి పెట్టె పరిమాణం గురించి దిగులు పడకండి.

ఏ స్పీకరు కొన్నా దాన్ని ఎక్కడ పెడుతున్నారన్నది సగం సంగతి. మీ పాత స్పీకర్లు టీవీ షోకేసు గూళ్లలో ఉన్నాయని నా అనుమానం. అదే నిజమైతే డబ్బాలోంచి వస్తున్నట్టుండే ఆ గొంతులో కొంత తప్పు గూటిదే. కొత్తవి కొనడానికి ముందే ఒక పని చేసి చూడండి. పాతవాటిని రెండు స్టూళ్ల మీద, వెనుక గోడకు అడుగున్నర దూరంలో, ఒకదానికొకటి ఆరు అడుగుల ఎడంగా పెట్టి, మీరు కూడా వాటికి ఆరు ఏడు అడుగుల దూరంలో కూర్చోండి. ట్వీటరు మీ చెవి ఎత్తులో, అంటే కుర్చీలో కూర్చున్నవారికి నేల నుంచి సుమారు మూడు అడుగుల ఎత్తులో ఉండాలి. తరువాత వాటిని కొద్దిగా లోపలికి, మీ వైపుకు తిప్పండి. దివాను వెనుక గోడకు ఆనుకుని ఉంటే ఒకటి రెండు అడుగులు ముందుకు జరపండి, ఎందుకంటే గోడ పక్కన కూర్చున్నవారికి బాస్ ఉన్నదానికంటే ఎక్కువగా వినిపిస్తుంది. ఈ మార్పుతోనే తృప్తి కలిగితే మీ 25 వేలు మీ దగ్గరే ఉంటాయి. ఇలా సలహా ఇచ్చినందుకు దుకాణదారులు నన్ను క్షమించాలి.

తృప్తి కలగకపోతే స్టాండ్ల గురించి ఆలోచించండి. కంపెనీ స్టాండ్లు చాలా ఖరీదు. మీ ఊళ్లో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ దుకాణంలో 24 అంగుళాల ఎత్తుతో, కిందా పైనా ఇనుప పలకలతో చేయించుకుంటే అందులో చిన్న వంతు ఖర్చుతో అయిపోతుంది. నిలువు గొట్టంలో పొడి ఇసుక నింపితే అది మోగదు. నేలమీద టైల్స్ ఉన్నాయన్నారు కాబట్టి స్పీకర్లకూ మీకూ మధ్య మందమైన తివాచీ ఒకటి పరవండి, కిటికీలకు బరువైన కర్టెన్లు వేయండి. గరుకుగా, చెవిలో గుచ్చుకున్నట్టుండే ‘స’కారాలు చాలా మటుకు అక్కడే తగ్గుతాయి. గోడలకు గుడ్ల అట్టలు అంటించే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి, వాటివల్ల ప్రయోజనం నామమాత్రం.

కంపెనీల సంగతికి వస్తే, 1932లో ఇంగ్లండులో మొదలైన వార్ఫ్‌డేల్ వారి డైమండ్ వరుసలోని చిన్న నమూనాలు, పోల్క్, జేబీఎల్ సంస్థల తొలి మెట్టు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, మన కోల్‌కతాకు చెందిన సోనోడైన్ వారివి మీరు వరుసగా విని చూడదగినవి. ధరలు పండుగ ఆఫర్లను బట్టి, దిగుమతిని బట్టి మారుతూ ఉంటాయి కాబట్టి అంకెలు ఇవ్వడం లేదు. వార్ఫ్‌డేల్ శబ్దంలో మెత్తదనం ఎక్కువ, జేబీఎల్‌లో పై స్థాయి స్వరాలు చురుగ్గా ఉంటాయి అన్నది నా అభిప్రాయం. టైల్స్ గదిలో పాత రికార్డింగులు వినేవారికి నేను మెత్తనిదే సూచిస్తాను, ఎందుకంటే ఆ రికార్డింగుల్లోని బుసబుస చురుకైన ట్వీటరు మీద ముందుకు వచ్చి కూర్చుంటుంది.

వినడానికి వెళ్లేటప్పుడు మీకు కంఠతా వచ్చిన పాటలు నాలుగైదు వెంట తీసుకెళ్లండి. దుకాణంలో వేసే ప్రదర్శన పాటలు ప్రతి స్పీకరునూ అందంగా చూపించడానికి ఎంచినవి. ఒక జంట నుంచి మరో జంటకు మారినప్పుడు శబ్దం స్థాయి సమానంగా ఉంచమని అడగండి. కొంచెం బిగ్గరగా మోగినదే మెరుగ్గా ఉన్నట్టు చెవి మోసపోతుంది, ఈ సంగతి అమ్మేవారికి బాగా తెలుసు. ఒక్కొక్కటి కనీసం పదిహేను నిమిషాలు వినండి. మొదటి నిమిషంలో అబ్బురపరచినది పదిహేనో నిమిషంలో అలసట కలిగిస్తే దాన్ని వదిలేయండి.

ప్రశ్న: మా నాన్నగారు కొన్న పెద్ద నిలువు స్పీకర్లు ఉన్నాయి. వాటి వూఫర్ల చుట్టూ ఉండే మెత్తని అంచు ముట్టుకుంటే పొడిగా రాలిపోతోంది, పాట పెడితే బరబరమంటోంది. పారేసి కొత్తవి తీసుకోమని అందరూ అంటున్నారు. వాటిని బాగు చేయించడం దండగా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: దండగ కాదు. మీరు చెబుతున్న అంచును సరౌండ్ అంటారు. మీ వాటిలో అది ఫోముతో చేసినది. గాలిలోని తేమకు, వేడికి ఆ ఫోము పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు చివికి రాలిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరిగితే ఆశ్చర్యం లేదు. కోన్ (ముందు కదిలే గరాటు ఆకారపు భాగం), అయస్కాంతం, పెట్టె బాగుంటే సరౌండ్ ఒక్కటీ మార్చి అతికిస్తే స్పీకరు మళ్లీ పలుకుతుంది. బాగు చేయించేదాకా మాత్రం వాటిని మోగించకండి, ఎందుకంటే ఆధారం లేని కోన్ పక్కకు ఒరిగి వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) అయస్కాంతం భాగాలకు రాసుకుంటుంది.

మెకానిక్కు ఇచ్చే ముందు మీరే ఒక పరీక్ష చేయవచ్చు. కోన్ మధ్యభాగానికి రెండు వైపులా వేళ్లు ఆనించి, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. చప్పుడు లేకుండా కదిలితే కాయిల్ క్షేమంగా ఉన్నట్టే. గీరినట్టు వినిపిస్తే కాయిల్ కూడా మార్చవలసి రావచ్చు, అప్పుడు ఖర్చు పెరుగుతుంది. సరౌండ్ కొనేటప్పుడు ‘ఎనిమిది అంగుళాలది’ అంటే చాలదు. ఫ్రేము బయటి వ్యాసం, కోన్ వ్యాసం రెండూ కొలిచి సరిపోయేది తెప్పించాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల ఇలాంటి విడిభాగాలు అడిగి చూడవచ్చు. మీ ఊరి వాతావరణానికి రబ్బరు అంచు ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ అది ఫోము కంటే బరువు, బిగువు కాబట్టి శబ్దం స్వభావం కొంత మారుతుంది. మొదట ఉన్న శబ్దమే కావాలంటే ఫోమే వేయించండి. ఎలాగూ పెట్టె విప్పుతారు కనుక లోపల క్రాసోవర్‌లో (శబ్దాన్ని వూఫరుకూ ట్వీటరుకూ పంచే సర్క్యూటులో) ఉన్న పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విలువ కొలిపించి, మారిపోయి ఉంటే అదే విలువ ఉన్న నాన్-పోలార్ రకం వేయించండి. రెండు పెట్టెల్లోనూ ఒకేసారి మార్చాలి, లేకపోతే కుడి ఎడమల శబ్దంలో తేడా వస్తుంది.

ప్రశ్న: అపార్ట్‌మెంటులో ఉంటున్నాము. యాంప్లిఫయరు లేదు. 15 వేల లోపు టీవీకి, ఫోను పాటలకు రెండింటికీ పనికొచ్చేది కావాలి. సౌండ్‌బార్ తీసుకోవాలా, స్పీకర్లా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: పాటలు ముఖ్యమైతే యాంప్లిఫయరు లోపలే అమర్చి ఉన్న యాక్టివ్ బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జంట తీసుకోండి, ఎడిఫైయర్ వంటి సంస్థలవి మీరు చెప్పిన ధర చుట్టుపక్కల దొరుకుతాయి. సౌండ్‌బార్‌లో కుడి ఎడమ స్పీకర్లు రెండూ ఒకే కడ్డీలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి స్టీరియో విస్తృతి రాదు. టీవీలో మాటలు స్పష్టంగా వినబడటమే మీకు ముఖ్యమైతే, స్థలం కూడా లేకపోతే, అప్పుడు సౌండ్‌బార్ తప్పేమీ కాదు.

కొనేటప్పుడు బ్లూటూత్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా ఆప్టికల్ ఇన్‌పుట్ ఉందో లేదో చూడండి. బ్లూటూత్‌తో టీవీ చూస్తే పెదవుల కదలికకూ మాటకూ పొంతన తప్పే అవకాశం ఉంది. ఆప్టికల్ వైరు తగిలించాక శబ్దమే రావడం లేదని చాలామంది స్పీకర్లను వెనక్కి పంపిస్తుంటారు. టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను డాల్బీ నుంచి పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ రూపానికి) మారిస్తే సాధారణంగా పని జరుగుతుంది, ఎందుకంటే ఈ తరగతి స్పీకర్లలో డాల్బీని విడమరిచే ఏర్పాటు దాదాపుగా ఉండదు. సబ్‌వూఫరు మాత్రం వద్దు. అపార్ట్‌మెంటులో దాని మోత పక్కవాటా వారికీ, కింది అంతస్తు వారికీ చేరుతుంది.

ప్రశ్న: స్పీకర్లకు ‘ఆక్సిజన్ లేని రాగి’ వైరు జత 4 వేల రూపాయలు అంటున్నారు. అది లేకపోతే శబ్దం బాగుండదా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అవసరం లేదు. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం మెత్తని రాగి వైరు ఐదు మీటర్ల దూరానికి సరిపోతుంది. రానూ పోనూ కలిపి దాని నిరోధం 0.12 ఓము దగ్గర ఉంటుంది, 8 ఓమ్స్ స్పీకరు ముందు అది లెక్కలోకి రాదు. ఇంకా దూరమైతే రెండున్నర స్క్వేర్ ఎంఎం తీసుకోండి. జాగ్రత్త పడవలసింది ఎరుపు కొన ఎరుపుకు, నలుపు కొన నలుపుకు రెండు పెట్టెల్లోనూ ఒకేలా కలపడంలో. ఒకదానిలో తారుమారైతే బాస్ మాయమై, మధ్యలో ఉండవలసిన గొంతు ఎక్కడ ఉందో తెలియకుండా చెదిరిపోతుంది.

ప్రశ్న: సంక్రాంతికి ఇంటికి వస్తున్నాను. ఇక్కడ వాడుతున్న స్పీకర్లను అమ్మానాన్నలకు తెచ్చి ఇవ్వాలనుకుంటున్నాను. కరెంటు తేడా వల్ల పాడవుతాయా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కరెంటు ప్లగ్గు లేని పాసివ్ స్పీకర్లయితే ఏ దేశమైనా ఒకటే, నిశ్చింతగా తెచ్చుకోండి. యాక్టివ్ స్పీకర్లయితే వెనుక లేబులు చూడండి. ‘100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. ‘120 వోల్టులు’ మాత్రమే ఉంటే ఇక్కడి 230 వోల్టులకు తగిలించిన వెంటనే లోపలి భాగాలు కాలిపోయే ప్రమాదం ఉంది. దానికి తగిన స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఇక్కడ దొరుకుతుంది గానీ, దాని బరువు, దాన్ని తీసి మామూలు ప్లగ్గులో పెట్టే పొరపాటు ఇంట్లో ఎవరైనా చేస్తారన్న భయం ఉన్నాయి కనుక పెద్దవాళ్ల ఇంటికి నేను సిఫారసు చేయను. అలాంటప్పుడు ఆ డబ్బుతో ఇక్కడే కొనివ్వండి, వారంటీ కూడా ఇక్కడే చెల్లుతుంది.